పావురాలు లేచే దిక్కు

కార్తీక అమావాస్యకు ఫోను రాలేదు.

రెండేళ్ళుగా ప్రతి అమావాస్యకూ మూడు నాలుగు రోజుల ముందు ఆయన దగ్గర్నుంచి ఫోను వచ్చేది. "అమావాస్య ఎప్పుడమ్మా?" అని అడిగేవారు. క్యాలెండరు ఆయన గోడకే వేలాడుతుంటుందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అయినా నేను పంచాంగం తెచ్చుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఘడియలతో సహా చదివి చెప్పేదాన్ని. "సరి, మంచిది" అని పెట్టేసేవారు. అంతే మాట. ఆ ఒక్క మాట కోసం నెలకు ఒక వారం ఫోనును వంటింట్లో కళ్ళెదురుగా పెట్టుకునేదాన్ని.

ధనుర్మాసం మొదలైన మూడో రోజు హచ్చొళ్ళి పల్లె నుంచి ఆయన అన్నకొడుకు భార్య ఫోను చేసింది. కార్తీకంలోనే పోయారట. మీకు చెప్పాలని మాకు తెలీలేదమ్మా అంది. ఆయన పెట్టెలో పెద్ద కాగితపు చుట్ట ఒకటి ఉందనీ, దాని మీద మా ఇంటి అడ్రసు రాసి ఉందనీ, బళ్ళారి బస్సులో ఇచ్చి పంపుతాననీ చెప్పింది.

పొంగలి దించి దీపం దగ్గర కాసేపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఎవరితో చెప్పుకోవాలో తోచలేదు, అంతే. ఆయన నాకు ఏమవుతారని చెప్పను?

సర్వే శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. మా పక్కింటి మిద్దె మీది గదిలో పదకొండేళ్ళు బాడుగకు ఉన్నారు. వీధిలో అందరూ సర్వేయరప్ప అనేవాళ్ళు, నేను అన్నా అనేదాన్ని. రెండు మిద్దెలకూ మధ్య నడుమెత్తు పిట్టగోడ ఒకటే అడ్డం. మా పరిచయమంతా ఆ గోడ దగ్గరే. ఆయన మా ఇంట్లోకి ఎన్నడూ రాలేదు, నేను ఆ గదిలోకి పోలేదు.

ఎవరేం చెప్పినా ఆయన ముందు అడిగేది ఒకటే: "చూసిందా, విన్నిందా?" కళ్ళారా చూసిన సంగతా, ఎవరో చెబితే విన్నదా అని. ఉల్లిగడ్డ ధర పెరిగిందని మా మరదలు అంటే, చూసిందా విన్నిందా. మోక ఊళ్ళో వాన కురిసిందని పాలాయన అంటే, చూసిందా విన్నిందా. వీధిలోవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, చివరికి ఆయన ముందు ఏ సంగతీ ఎత్తడం మానేశారు. ఆయన దానికి నొచ్చుకోలేదు. కొలత గొలుసు పోని చోటును పుస్తకంలో రాయకూడదని ఉద్యోగంలో చేరిన రోజే నేర్పారట. జీవితమంతా పొలాల గట్ల వెంట గొలుసు లాగించి, రిటైరైనప్పుడు ఆ నియమాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. పటాలు గీసినా అంతే. తాను కొలిచిన హద్దుకు నిండు గీత. ఎవరో చెబితే వేసుకున్న హద్దుకు చుక్కల గీత.

నడిచేటప్పుడు ఆయన పెదవులు కదిలేవి. జపం చేసుకుంటున్నారనుకుని నేను సంతోషపడ్డాను. అడుగులు లెక్కపెట్టుకుంటున్నారని తర్వాత తెలిసింది. తెలిశాక కూడా నాకది జపంలాగే కనిపించేది.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకుంటే మిగిలింది అర్థం కాదు. నేను బడికి పోలేదు. మా వీధి బడి కన్నడంలో ఉండేది. ముందు మన అక్షరాలు ఇంట్లో రానీ, తర్వాత పంపిద్దాం అన్నారు మా తాత. ఆ 'ముందు' ఎప్పటికీ ముగియలేదు. అవ్వ పంచాంగం ఒళ్ళో పెట్టుకుని తిథి, వారం, నక్షత్రం అంటూ వేలు పెట్టి చదివించింది. నాకు కూడబలుక్కోకుండా వచ్చిన మొదటి మాటల్లో నా నక్షత్రం పేరు ఒకటి. మూల. రెండే అక్షరాలు, ఒత్తు లేదు, సులువు. నేనది చదవగానే అవ్వ వేలు కాగితం మీద ఆగిపోవడం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

మూలలో పుట్టిన పిల్ల మామకు గండమని మా వైపు నమ్మకం. అందుకని నాయన నా కోసం తండ్రి లేని వరుళ్ళను వెతికారు. ఒక సంబంధం దొరికింది కూడా. చూపులనాడు వాళ్ళ వెంట ఒక ముసలాయన వచ్చి, పక్కన కూర్చుని బూందీ తింటున్నాడు. ఎవరంటే అబ్బాయి తండ్రి. పదేళ్ళ కిందట ఇల్లు విడిచిపోతే ఇక లేడనుకున్నారట, ముందు వారమే తిరిగొచ్చాడట. నక్షత్రం పేరు చెవిన పడగానే ఆయన బూందీ పళ్ళెం కింద పెట్టి చెప్పులు వెతుక్కున్నాడు. ఆ తర్వాత నాయన వెతకడం తగ్గించారు. తమ్ముడూ మరదలూ నన్ను ఏ లోటూ లేకుండా చూసుకున్నారు, దేవుడి దయ. మా మరదలు మాత్రం కోపమొస్తే "మూల మూలనే ఉండాల" అనేది. ఒక రకంగా నిజమే. నేను ఇల్లు దాటింది తక్కువ. బళ్ళారి నాకు మిద్దె మీద నుంచి తెలిసిన ఊరే.

ఆయన దగ్గర ఒక దుర్బీను ఉండేది. బోరుబావిలోకి దించే నీలం పైపు ముక్కకు అద్దం బిగించి తానే చేసుకున్నారు. ప్రతి అమావాస్యకూ దాన్ని భుజాన వేసుకుని హచ్చొళ్ళి బస్సెక్కేవారు. బళ్ళారి దీపాల్లో నక్షత్రాలు సగం కూడా కనపడవు, అక్కడ వరిమళ్ళ మధ్య చీకటి బాగుంటుందని. "ఏం సర్వేయరప్పా, పైకి బోరు ఏస్తాండావంట, నీళ్ళు పడినాయా?" అని కండక్టరు అడిగాడట. "ఇంగా బండ తగల్లేదప్పా" అన్నారట ఈయన. నాకు చెప్పి నవ్వుకున్నారు. ఆయన నవ్వడం నేను చూసింది తక్కువ.

అమావాస్య ఎప్పుడని మొదటిసారి అడిగింది ఆ బస్సు కోసమే. ఏం చేస్తారన్నా అక్కడ అని నేను అడిగింది కూడా ఆ రోజే. పాలపుంతకు సర్వే పటం గీస్తున్నానన్నారు. పుంత అనే మాట నేను పుస్తకంలో చూశాను గానీ దాని అర్థం తెలీదు. మా వైపు బండ్లు పోయేది దోవ. ఆయన చదువంతా కన్నడం, ఆయనకూ తెలీదు.

"అయితే పాలదోవ అనుకుందాంలేమ్మా. నక్షత్రాల ఊరు అది. మన సూర్యుడు, మనం, అందరం దాంట్లోనే ఉండాము. ఆ ఊరు ఎట్లుంటాదో, మన ఇల్లు దాంట్లో యాడ ఉండాదో గీయల్ల. కష్టమేందంటే బయటికి పోయి చూసేకి లేదు. గడప దాటకుండా, లోపల కూర్చోని, ఇంటి పటం గీయల్ల."

"దాంట్లో ఏముందన్నా, పుట్టినప్పట్నుంచి నేను ఆ పనే చేస్తాండా గదా" అన్నాను.

ఆయన నవ్వలేదు. చెవి మీది పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

హచ్చొళ్ళి నుంచి తిరిగొచ్చిన రోజు పిట్టగోడ మీద రెండు జొన్నరొట్టెలూ పప్పూ పెట్టేదాన్ని. తినేముందు ఆయన రొట్టెను కంటికి ఎదురుగా అడ్డంగా పట్టుకుని చూసేవారు. పక్కనుంచి చూస్తే గీత, పైనుంచి చూస్తే గుండ్రం, నడుమ కొంచెం పొంగు. పాలదోవ కూడా అట్లే ఉంటుందట. మనం రొట్టె పిండిలో కలిసిన నువ్వుగింజలం, లోపలున్న గింజకు కనపడేది గీతే అనేవారు. చల్లారిపోతుంది తినండన్నా అంటే అప్పుడు తుంచేవారు.

ఆయన పద్ధతి ఇది. ఆకాశంలో ఆ దోవ పొడుగునా గళ్ళు గళ్ళుగా అనుకుని, ఒక్కో గడిలో దుర్బీనుకు ఎన్ని నక్షత్రాలు కనపడితే అన్నీ రాసుకోవడం. ఏ దిక్కున లెక్క ఎక్కువుంటే ఆ దిక్కున ఊరు ఎక్కువ దూరం ఉన్నట్టు. ఏడేళ్ళు లెక్కపెట్టారు. వానాకాలం మబ్బుల్లో, వరిమళ్ళ దోమల్లో. ఏడేళ్ళ తర్వాత చూసుకుంటే అన్ని దిక్కులా ఇంచుమించు ఒకటే వచ్చింది. అంటే ఊరికి నడిమధ్యన మనమే ఉన్నట్టు.

మనం నడుమ లేమని పుస్తకాల్లో ఉంది. నడుమ ఎక్కడో చాలా దూరాన ఉంది, మనం అంచుకు పోయే దోవలో ఉన్నాం. ఆ సంగతి ఆయనకు మొదటి నుంచీ తెలుసు. నేను చూసిన ఆయన దుఃఖాల్లో పెద్దది అదే. విన్నది నిజమని తెలుసు. చూసినదాన్ని కొట్టేయడానికి చెయ్యి రాదు.

"పుస్తకం చూసి చుక్క పెట్టొచ్చమ్మా. దానికి ఏడేండ్లు యాల? మొదటి దినమే పెట్టింటే సరిపోయేది. ధూళి అడ్డం ఉండాదంట. దూరంగా ఉండేవన్నీ దాంట్లో మునిగిపోతాయంట. అందుకే అన్ని పక్కలా ఒకే మాదిరి కనపడేదంట. అన్నీ అంట, అంట. ధూళికి అవతల ఉండే నడుమను నేనెట్ల చూసేది?"

ఆ తర్వాత మూడు అమావాస్యలకు ఆయన బస్సెక్కలేదు. నన్ను తిథి అడగలేదు. నీలం పైపు గది బయట ఎండలో పడి ఉండేది. ఆ మనిషికి దోవ చూపించమని నేను రోజూ దీపం దగ్గర దణ్ణం పెట్టుకున్నాను. పేరు తెలీదు గనుక సర్వేయరప్ప అనే చెప్పుకున్నాను.

ఆ వేసవిలో ఒక పొద్దున గాలి లేచింది. ఖనిజం లారీలు తిరిగే ఊరు మాది, ఎర్రధూళి మాకు కొత్త కాదు. కానీ ఆ రోజు పది గంటలకే ఊరంతా ఎర్రటి పొగమంచులాగా అయింది. నేను కొంగు ముక్కుకు కట్టుకుని పావురాలకు జొన్నలు చల్లడానికి మిద్దెక్కాను. ఆయన గోడ దగ్గర నిలబడి నాలుగు పక్కలా చూస్తున్నారు. ఈ పక్క నీళ్ళ ట్యాంకు దాకా, ఆ పక్క ఫోను టవరు దాకా, ఎటు చూసినా అంతే దూరం కనపడుతోంది. ఆ పైన అంతా ఎరుపు.

"చూడమ్మా. ఈ పొద్దు బళ్ళారికి నడిమధ్య నేనే" అన్నారు. ఎగతాళి తన మీదనే.

"మీరు కాదన్నా. నడుమ ఆ దిక్కున ఉండాది, ధాన్యం యార్డు పక్క" అన్నాను.

"ఎట్ల చెప్తావు? నీకేమన్నా కనపడతాందా?"

"యార్డు కనపడదు. పావురాలు కనపడతాండాయి గదా. అవి ధూళికి పైన ఎగురుతాండాయి. ఈ పక్క చూడండి, రెండే. ఆ పక్క మంద. గింజలు ఎక్కువుండే తావునే అవి లేచేది. నేను యార్డు చూసి ఇరవై ఏండ్లయింది, అయినా దిక్కు ఎప్పుడూ తప్పలేదు."

ఆయన చెయ్యి చెవి మీదికి పోయింది గానీ పెన్సిలు తీయలేదు. నేను ఇచ్చిన మజ్జిగ గ్లాసు గోడ మీద అట్లాగే ఉండి, దాని మీద ఎర్రటి పొర కట్టింది. నేను చల్లిన జొన్నలకు వచ్చిన పావురాలు తిని లేచిపోయాయి. ఆయన అక్కడే నిలబడి ఉన్నారు. తప్పుగా ఏమన్నా అన్నానేమోనని భయపడి కిందికి దిగాను.

మరునాడు పొద్దున పిలిచి చెప్పారు. దుర్బీనులో దూది ఉండల్లాగా కనపడేవి కొన్ని ఉన్నాయట. ఒక్కో ఉండలో లక్షల నక్షత్రాలట. అవి చాలావరకు పాలదోవ ధూళిలో ఉండక, దానికి పైనా కిందా విడిగా ఉంటాయట. "ఏడేండ్లుగా కనపడతానే ఉండాయమ్మా. నా గడిలో లేవని పక్కకు తోసి రాసుకుంటాంటి. అవి పావురాలని నాకు తట్టలేదు."

దేవుడు చూపించాడన్నా అన్నాను. నువ్వు చూపించినావన్నారు. ఆయన పావురాలను చేశాడు, మీకు కళ్ళిచ్చాడు, మధ్యలో నేను జొన్నలు చల్లాను, అంతే కదా అన్నాను. ఇప్పటికీ నాది అదే మాట. నా చేతిలో గుప్పెడు జొన్నలు తప్ప ఏమీ లేని రోజున, ఒక మనిషికి పనికొచ్చాను.

ఆ నెల "అమావాస్య ఎప్పుడమ్మా?" అని మళ్ళీ వినపడింది. ఏడాది పొడుగునా ఆ ఉండలనే వెతికారు. పుస్తకంలో వాటిని కన్నడంలో పారివాళ అని రాసుకున్నారు. మొదటి పావురం, రెండో పావురం అని. ముప్పై పైచిలుకు దొరికాయి.

ఫాల్గుణంలో ఒక తెల్లారుజామున నేను మిద్దె మీద తులసికోటకు నీళ్ళు పోస్తున్నాను. కరెంటు పోయి వీధి చీకటిగా ఉంది. ఆయన గోడ దగ్గరికి వచ్చి, పావురాల్లో ముప్పాతిక భాగం పైన ఒకే దిక్కున లేస్తున్నాయని చెప్పారు. దక్షిణం వైపు చెయ్యి చాపి, అదిగో, తేలు తోక మాదిరి వంగి ఉందే, ఆ పక్క అన్నారు. ఆడ ఉండే నక్షత్రాన్ని పంచాంగంలో ఏమంటారని అడిగారు.

పంచాంగం చూడాల్సిన పని లేదు.

"మూల" అన్నాను. "నాది అదే నక్షత్రమన్నా."

మా మరదలు ఎప్పుడో కోపంగా అన్న మాట ఆయన చెవిన పడే ఉంటుంది. పెళ్ళి కాలేదు అందుకేనా అని మెల్లగా అడిగారు. నలభై ఏళ్ళలో నన్నెవరూ ఆ మాట సూటిగా అడగలేదు. అవునన్నాను. మూలలో పుట్టిన పిల్ల ఇంటికి పోతే మామ బతకడంట అన్నాను.

ఆయన దక్షిణం వైపు చాపిన చెయ్యి దించారు.

"చూసిందా, విన్నిందా?"

చెంబు నా చేతిలోనే ఉండిపోయింది. "విన్నిందేనన్నా" అన్నాను.

"అయితే చుక్కల గీత" అన్నారు ఆయన. తర్వాత దక్షిణం వైపు తిరిగి, "ఇది చూసింది. అన్నీ దాని చుట్టే తిరుగుతాండాయంట, మన సూర్యుడు కూడా. దానికి మూలమని పేరు పెట్టినోడు ఎవడో మంచోడమ్మా. మూల అని చదివినోళ్ళే తప్పు చదివినారు" అన్నారు.

నేను తులసి దగ్గర కూర్చుండిపోయాను. ఆయన గదిలోకి వెళ్ళి, నేను ముఖం తుడుచుకునేదాకా రాలేదు. అది కూడా ఆయన చేసిన ఉపకారమే.

తర్వాత ఆయనకు సాక్షులు కావలసి వచ్చారు. పొలానికి హద్దు రాయి పాతితే పక్కవాళ్ళు ఇద్దరు కళ్ళారా చూసి సంతకం పెట్టాలి, దాన్ని మహజరు అంటారు. సాక్షి సంతకం లేని పటం చెల్లదని ఆయన పట్టు. ఈ పటం ఎవరికి చెల్లాలన్నా అని నేను అడగలేదు. పక్కింటిదాన్ని గనుక మొదటి సాక్షిని నేనే. ఆ ఫాల్గుణంలోనే కరెంటు లేని ఒక తెల్లారుజామున గోడ మీద పైపు ఆనించి, మూల పక్కనున్న పావురాలను ఒక్కొక్కటే చూపించారు. నిజంగానే దూది ఉండలు, ఊపిరి తగిలితే చెదిరిపోయేంత పలచన. అంతటితో ఒప్పుకోలేదు. పుష్యమాసం దాకా ఆగి, ఒక సాయంత్రం చీకటి పడ్డాక ఆకాశంలో అవతలి పక్క చూపించారు. అటు గంటసేపు వెతికితే ఒకే ఒక్క పావురం దొరికింది. ఇప్పుడు పెట్టమ్మా అన్నారు. బ్యాంకులో తమ్ముడు వేలు పెట్టి చూపిన చోట తప్ప నేనెక్కడా సంతకం పెట్టినదాన్ని కాదు. పలక మీద రెండుసార్లు రాసి చూసుకుని, అప్పుడు పెట్టాను.

రెండో సాక్షి దొరకలేదు. పాలాయన నవ్వాడు. ఇంటి ఓనరు మెడనొప్పి అన్నాడు. మా తమ్ముడు వస్తానన్న రోజు మబ్బు పట్టింది, తర్వాత ఆ మాట మరిచిపోయాడు. చూస్తాంలేమ్మా అంటూ ఆయన పటాన్ని చుట్ట చుట్టి లోపల పెట్టారు. ఆ ఏడే మోకాళ్ళు పట్టేసి, మెట్లెక్కలేక, హచ్చొళ్ళికి వెళ్ళిపోయారు. గదిలోకి జీన్సు ఉతికే యూనిట్లో పనిచేసే పిల్లలు దిగారు. పిట్టగోడ మీద ఇప్పుడు నీలం మరకల గుడ్డలు ఆరుతుంటాయి.

ఆ కాగితపు చుట్ట మొన్న వచ్చింది. తమ్ముడు బస్టాండు నుంచి తెచ్చిచ్చి అంగడికి పోయాడు. హాల్లో పరిచి నాలుగు పక్కలా చెంబులు పెట్టాను. ఎక్కువ భాగం చుక్కల గీతలే. రొట్టె అంచులు చుక్కలు, లోపల సుడి తిరిగిన చేతులు చుక్కలు. విన్నవన్నీ చుక్కలు. ముప్పై పైచిలుకు పావురాలు మాత్రం నిండుగా ఉన్నాయి. అంచుకు పోయే దోవలో మన ఇంటి చుక్క ఒకటి. అక్కడి నుంచి నడుమకు తిన్నగా ఒక నిండు గీత. ఆ గీత ఎంత పొడుగో అంకె వేయలేదు. దిక్కు ఒక్కటే ఆయన చూసింది. పటమంతా కన్నడంలో ఉంది. గీత కొసన, నడిమధ్యన, ఒక్క మాట తెలుగులో రాశారు. ఒకటో తరగతి పిల్లవాడి రాతలాగా వంకరగా ఉంది. రెండే అక్షరాలు, ఒత్తు లేదు. హచ్చొళ్ళిలో ఎవరిని అడిగి నేర్చుకున్నారో.

మరదలు చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఇదేంది వదినా, నడుమ నీ నక్షత్రం పేరు రాసినాడు?"

చెప్పాను. పావురాలు, ధూళి, అన్నీ. ఆమె చాలాసేపు ఆ రెండక్షరాలనే చూసింది. కింద నా సంతకం, దాని కింద ఖాళీ గీత ఉన్నాయి.

"ఇటియ్యి, ఇది నేను పెడ్తా. పాపం, ఖాళీగా ఉండాది."

"చూడకుండా పెట్టకూడదు."

"అయితే చూపించు."

"ఇప్పుడు కనపడదు. ధనుర్మాసం గదా, సూర్యుడు మూలలో ఉండాడు. ఆయన వెలుతురులో అది మునిగిపోయింటాది. మాఘం దాటినాక, తెల్లారుజామున కనపడతాది. దూది ఉండలకు దుర్బీను కావల్ల. హచ్చొళ్ళి వాళ్ళను అడగల్ల."

"అంతవరకా" అంటూ లేచింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. వంటింట్లో నుంచి "లేపు, వస్తా" అంది. నిజంగానే అందో, మాటకు అందో తెలీదు. అన్నందుకు మాత్రం నాకు సంతోషమే.

ఈ పొద్దున అర్ఘ్యం ఇవ్వడానికి మిద్దెక్కాను. సూర్యుడు ఎర్రగా లేచాడు. ఆయన వెనక మూల ఉంది, ఆ దిక్కునే చాలా దూరాన నడుమ ఉంది. ఇన్నేళ్ళూ ధనుర్మాసంలో నేను నీళ్ళు వదిలింది అటువైపే. తెలియకుండానే దణ్ణం సరైన చోటికి పోయింది, అందుకు ఎవరికి కృతజ్ఞత చెప్పాలో నాకు తెలుసు. యార్డు పక్క పావురాలు లేచాయి. పిట్టగోడకు అవతల ఎవరూ లేరు.

పంచాంగం కొంగులోనే ఉంది. తీసి, రాబోయే అమావాస్య ఎప్పుడో ఘడియలతో సహా పైకే చదివాను. కాసేపు ఆగాను. "సరి, మంచిది" అని నేనే అనుకుని, మెట్లు దిగాను.